పూత లేని గోడ

మాకు ఇల్లు అద్దెకిచ్చినామె దినాలు ముగిసిన మర్నాడు ఆమె కొడుకు వెనక గదిలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గోడ వైపు కాసేపు చూశాడు. అతను ఆంబూరులో బూట్ల కంపెనీలో పని చేస్తాడు, సంసారమూ అక్కడే. మంచివాడు.

"ఏమన్నా, నువ్వే పూత మేస్త్రీవి. నువ్వుండే ఇంట్లో గోడ ఇట్లనా ఉండేది? అమ్మ ఉన్నంత కాలం వద్దు వద్దు అనేది. ఇంక దీన్ని పూసేసెయ్యి" అన్నాడు.

మీరు ఇక్కడే ఉండండి, ఇప్పట్లో ఇల్లు అమ్మే ఆలోచన ఏమీ లేదు అని కూడా చెప్పాడు. సరేనన్నాను. సిమెంటు, ఇసుక అతనే తెప్పించి వెనక వాకిట్లో వేయించి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆమె పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను, పందిరి గుంజలు పట్టుకున్నాను, పాడె మోశాను. పక్కింటివాళ్ళు నా ముఖంలోకి చూసి చూసి పక్కకు తిరిగారు. ఇన్నేళ్ళు సొంత కొడుకులా చూసుకుంటే వీడికి కంట చుక్క రాలేదే అనుకుని ఉంటారు. వాళ్ళు అనుకున్నదాంట్లో తప్పులేదు. నా భార్య పోయినప్పుడూ నేను ఇంతే.

ఆమె పేరు ఇక్కడ రాయను. మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. పిల్లలకు అవ్వ, పెద్దవాళ్ళకు అగ్గిపెట్టెల అక్క. వయసులో ఉన్నప్పుడంతా గుడియాత్తంలో అగ్గిపెట్టెల పని చేసింది. ఆ పని మానేసి ఎంతకాలమైనా అలవాటు మాత్రం పోలేదు. అంగడికి పోయి అగ్గిపెట్టె అడిగి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. చప్పుడు నచ్చకపోతే వెనక్కి తోసేసి ఇంకొకటి అడిగేది. అంగడతను ఆమె రావడం చూసి పెట్టెలన్నీ కిందికి దించి, "నువ్వే ఏరుకో అక్కా" అని తన పని తను చూసుకునేవాడు. కొబ్బరికాయను కూడా అంత శ్రద్ధగా ఆడించి చూసేది కాదు.

ఇంట్లో ఎక్కడికి నడిచినా ఎడమ చెయ్యి గోడ మీద ఉండేది. ఊతకోసం కాదు, కాళ్ళు గట్టిగా ఉన్న రోజుల్లోనూ అంతే. ఆవును నిమిరినట్టు గోడను నిమురుకుంటూ పోయేది. నాతో బాగుంటే 'నాయనా' అనేది, కోపమొస్తే 'మేస్త్రీ' అనేది, మరీ కోపమొస్తే అరవంలోకి దిగేది. 'వేండాం' అందంటే ఇక ఆ వద్దుకు తిరుగు లేదు. తెలుగు గలగలా మాట్లాడేది గానీ ఒక్క అక్షరం చదవలేదు. నేను తెలుగు పేపరు తెచ్చుకుంటే పక్కన కూర్చుని, "ఏమి రాసినాడు?" అని అడిగి, చెప్పింది విని, "అట్లనా, అబద్ధం" అని లేచిపోయేది.

మాది చిత్తూరు పక్క. పది దాకా తెలుగు బడిలో చదివి, మేనమామ వెంట రాయవేలూరు వచ్చి తాపీ పట్టాను. అక్కడ మావాళ్ళు చాలామంది కట్టుబడి పనుల్లోనే ఉన్నారు. మా బతుకు తీరు కాస్త చెప్పకపోతే ఈ గోడ సంగతి అర్థం కాదు. ఒక ఇంటికి పునాది తీయగానే మాలో ఒక కుటుంబం కాపలాకు అక్కడ దిగుతుంది. మొదట ఇసుక కుప్ప పక్కన రేకుల కొట్టం. స్లాబు పడ్డాక కింది గదుల్లోకి. పూత పని మొదలైతే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరుగుతూ ఉంటాం. తలుపులు బిగించి, టైల్సు పరిచి, పెయింటు వాళ్ళు డబ్బాలతో దిగారంటే మూటలు కట్టుకోవడమే. ఇల్లు పూర్తయితే మేము పోవాలి.

నా కూతురు ఇలాంటి ఇళ్ళల్లోనే పెరిగింది. నడక వచ్చినప్పటినుంచీ దానికి ఈ వరస తెలుసు. పెయింటు వాసన రాగానే ఎవరూ చెప్పకుండానే తన గౌన్లు మడిచి సంచిలో పెట్టుకునేది. చూసి నేనూ మా ఆవిడా నవ్వుకునేవాళ్ళం.

మా ఆవిడ పోయింది కూడా అలాంటి రోజుల్లోనే. సత్తువాచ్చారి వైపు ఒక మేడకు ఆఖరి రంగులు పడుతున్నాయి. జ్వరమని పెద్దాసుపత్రిలో చేర్చాం. వాళ్ళు చేయాల్సిందంతా చేశారు. మనిషి తిరిగి రాలేదు. పాప అప్పుడు ఒకటో తరగతి. అక్కడినుంచి కొత్త సైటుకు మారేటప్పుడు తన సంచి తనే మోసుకుంది, నన్ను పట్టుకోనివ్వలేదు. ఇల్లయిపోయింది కాబట్టే అమ్మ కూడా పోయిందనుకుందో ఏమో. నేను అడగలేదు. అడగడానికి నాలో ఏదీ కదల్లేదు.

కొత్త సైటు బస్టాండు పక్కన, రోజంతా హారన్లు. ఒక మధ్యాహ్నం పై అంతస్తులో పూత పెడుతూ కిందికి చూస్తే, పాప నీళ్ళ సంపు అంచున బోర్లా పడుకుని లోపలి నీళ్ళతో మాట్లాడుతోంది. మూత తీసి పెట్టింది మావాళ్ళే. కేకేస్తే ఉలిక్కిపడుతుందని కేకేయలేదు. మెల్లగా దిగివచ్చి కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాను. మళ్ళీ పైకెక్కి ఆగిన చోటినుంచి పని మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, నా గుండె కొంచెం కూడా అదరలేదని. సంపు కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈ సంగతి నాట్రంపల్లిలో ఉన్న మా అత్తకు చేరింది. వచ్చి, బడులు తెరిచేలోగా ఒక ఇల్లంటూ చూసుకోకపోతే పిల్లను తనతో తీసుకుపోతానంది. ఆమెను తప్పుపట్టడానికేం లేదు. నాకు ఊరి మీద మోజూ లేదు, ఇంటి మీద మోజూ లేదు. కానీ పాప కూడా పోతే, సాయంత్రం తాపీ కడుక్కున్నాక నేను ఎవరి దగ్గరికి పోవాలి? ఆ రోజుల్లో నాకు మిగిలిన ప్రశ్న అదొక్కటే.

ఆదివారాలు పాపను తీసుకుని ఇళ్ళు చూడటం మొదలుపెట్టాను. రాయవేలూరులో భార్య లేని మగాడంటే ఓనర్లు తలుపు సగమే తీసేవాళ్ళు. లత్తేరి నెమ్మదైన ఊరే, రైలు వెళ్ళిపోతే ఇంకా నెమ్మది. కానీ అక్కడ నాకు పని లేదు, పొద్దున్నే కాట్పాడి రైలెక్కితే పాపను చూసే దిక్కు లేదు. ఆంబూరులో చూసిన ఇంటి ముందునుంచే లారీలు పోతున్నాయి. అయినా నేను సరేనన్న ఇంటిని కూడా పాప సరేననలేదు. సంచి లేకుండా ఎక్కడికీ వచ్చేది కాదు, వచ్చినచోట దాన్ని కింద పెట్టేది కాదు. గడప దాటి, గోడలన్నీ చూసి, "ఇది అయిపోయిన ఇల్లు నాయనా" అని బయటికి వచ్చి నిలబడేది.

గుడియాత్తంలో ఆమె ఇంటి గురించి తెలిసిన మేస్త్రీ ఒకడు చెప్పాడు. మగ్గాల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేని వీధి. బడి వీధి చివరే. ముందు భాగంలో ఆమె ఒక్కతే, వెనక రెండు గదులు ఖాళీ. తెలుగువాళ్ళమని మాట తీరు బట్టే పట్టేసింది.

"యాడ్నించి వచ్చినారప్పా?"

రాయవేలూరు నుంచని చెప్పాను. పెండ్లాం రాలేదా అంది. పోయిందన్నాను. అందరిలా అయ్యో అనలేదు, నుదురు కొట్టుకోలేదు. అక్కడే నాకు ఆమె నచ్చింది. నన్ను వదిలేసి పాప వైపు తిరిగింది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఎవరూ అంతదాకా పాపను ఒక్క మాట అడగలేదు.

"ఏమమ్మా, ఇల్లు బాగుండాదా?"

"అయిపోయిన ఇల్లు ఇది" అంది పాప.

"అయిపోతే ఏమి?"

"పోవాల."

ఆమె నా వైపు చూసింది. సిగ్గుపడుతూ మా సైటు బతుకు చెప్పాను. రంగుల వాసనా, మూటలూ, వాళ్ళమ్మ పోయిన మేడా, అన్నీ చెప్పాను. అరచెయ్యి గోడకు ఆనించి నిలబడి చివరిదాకా వింది. విని, "సరి. వచ్చే ఆదివారం రా" అంది. మర్యాదగా వద్దని చెప్పే పద్ధతి అనుకున్నాను. అయినా వెళ్ళాను, చూడటానికి ఇంకో ఇల్లు లేక.

ఆ ఆదివారం ఆమె తల నిండా తెల్లటి దుమ్ము. రెండు చేతులకూ పాత చీర గుడ్డ చుట్టుకుని ఉంది. మమ్మల్ని వెనక గదిలోకి తీసుకుపోయింది. పోయినవారం నున్నగా ఉన్న గోడ మీద ఇప్పుడు పూత లేదు. నిలువెల్లా ఎర్ర ఇటుకలు. ఊడిన పెళ్ళలన్నీ చిమ్మి ఒక మూలకు నెట్టి ఉన్నాయి.

"నెమ్ము పట్టింది నాయనా. పెళ్ళలు రాలతా ఉండాయి. ఊడగొట్టేసినాను" అంది.

నేను వంగి ఒక పెళ్ళ చేతిలోకి తీసుకున్నాను. నెమ్ము పట్టిన పూత వేళ్ళ మధ్య పిండి అయిపోతుంది. ఇది రాయిలా ఉంది. ఎవరో మంచి మేస్త్రీ మనసుపెట్టి చేసిన పని. ఇటుకల మీద అక్కడక్కడ గుండ్రటి దెబ్బలు. తలుపు వెనక రోకలి నిలబెట్టి ఉంది, దాని కొసన ఇనుప పొన్ను తెల్లగా దుమ్ము కొట్టుకుని ఉంది. ఆ వయసులో ఆమె ఆ రోకలిని అడ్డంగా పట్టుకుని ఎన్ని పూటలు కొట్టి ఉంటుందో. మంచి పూత ఊడగొడితే ఏ మేస్త్రీకైనా కడుపు మండాలి. నాకు మండలేదు. లోపల ఎక్కడో కొంచెం చురుక్కుమంది, అంతే. అదైనా చాలా నెలల తరవాత.

పాప గోడ దగ్గరికి పోయి ఇటుక మీద చెయ్యి పెట్టి, చేతికంటిన ఎర్ర పొడి చూసుకుంది.

"ఇది ఎప్పుడు అయిపోతాది?" అని అడిగింది.

"ఇంకా పని ఉండాదమ్మా. శానా పని ఉండాది" అంది ఆమె, నావైపు చూడకుండా.

పాప సంచి కింద పెట్టింది.

ఆ తరవాత మేము ఇద్దరమూ ఆ అబద్ధాన్ని నిజంగానే నడిపాం. కాస్త పని లేని రోజుల్లో నేను గోడ పూసేస్తానమ్మా అనేవాణ్ణి, మాట వరసకు. ఆమె దగ్గర ఎప్పుడూ ఒక సాకు ఉండేది. ఎండలు దిగనీ అనేది. ఎండలు దిగితే వానలు పోనీ అనేది. వానలు పోతే ఆడి నెల, ఆషాఢం, శుభం కాదు అనేది. ఆడి నెల వానలకు ముందే వెళ్ళిపోయింది కదమ్మా అంటే, "వచ్చే ఆడి" అనేది ముఖం కదల్చకుండా. పాప వింటూ ఉండేది. ఆ గోడకు దాని ఎత్తులో మేకులు కొట్టి బడి బట్టలు తగిలించుకుంది, బంతిపువ్వుల దండ ఒకటి వేలాడదీసింది. పూత లేని గోడకు మేకు కొట్టడం ఎంత సుళువో దానికి బాగా తెలుసు, ఇటుకల సందులో దిగిపోతుంది.

మేము దిగాక ఆమె నా భార్య గురించి నన్ను ఏనాడూ అడగలేదు. ఒక్కసారి తప్ప. మేము దిగిన కొత్తల్లో పాప పగలు నిద్రపోయేది కాదు, కళ్ళు మూసుకోవడానికే ఒప్పుకునేది కాదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆమె నా గది గుమ్మంలో నిలబడి, "వాళ్ళమ్మ ఏ పక్క పండుకునేది?" అంది. నాకు వెంటనే గుర్తు రాలేదు. ఆలోచించి, గోడ పక్క అన్నాను. ఆమె చాప తెచ్చి, ఆ ఇటుక గోడకు వీపు ఆనించి, పాపకు గోడ పక్కన తను పడుకుంది. కథలు చెప్పలేదు, జోలపాట పాడలేదు. అగ్గిపెట్టె ఒకటి చేతిలో పట్టుకుని మెల్లగా ఆడిస్తూ ఉంది. ఆ చప్పుడుకు పాప నిద్రపోయింది. కాసేపటికి ఆమే గుర్రు పెట్టింది. నేను గుమ్మంలో కూర్చుని ఇద్దరినీ చూస్తూ ఉన్నాను. బాగుందనిపించాలి కదా, అనిపించలేదు. అనిపించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

మా అత్త నాట్రంపల్లి నుంచి వచ్చింది ఆ ఏడాది చివర్లో. ఇల్లు చూసి, వీధి చూసి, బడి చూసి తలాడించింది. వెనక గదిలోకి వచ్చి గోడ చూసి ఆగిపోయింది. మేస్త్రీ కాపురమున్న ఇంట్లో పూత లేని గోడా, ఇందులోనా నా మనవరాలిని పెంచేది అని నా మీద పడింది. పిల్లను తీసుకుపోతానని అప్పటికప్పుడు బట్టలు తీయబోయింది. నెమ్ము అని చెబితే మందు వేయించమంటుంది, నిజం చెబితే పాప వింటుంది.

ఆమె కాఫీ లోటాలు పట్టుకుని వచ్చి, మా అత్త చేతిలో ఒకటి పెట్టి, "పిల్లనడుగు" అంది.

మా అత్త అడిగింది, వస్తావా తల్లీ నాతో అని. పాప పెద్దమనిషిలా ఆలోచించి, "ఇంకా పని ఉండాది అవ్వా. అయినాక వస్తాను" అంది.

మా అత్తకు ఏమీ అర్థం కాలేదు. కాఫీ తాగి, అలిగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆమె ఆ రోజు లోటాలు కడుగుతూ తనలో తను నవ్వుకోవడం విన్నాను. నవ్వితే ఆమెకు దగ్గు వచ్చేది. చాలాసేపు దగ్గింది.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి, నా భుజం దాటింది. సంచి ఎక్కడుందో కూడా నాకు తెలియదు. ఆమె ఈ మధ్య బాగా నీరసించింది. గోడ పట్టుకుని నడవడం అలవాటు పోయి అవసరమైంది. మొన్న ఒక మధ్యాహ్నం అన్నం తిని చాప మీద పడుకుంది, మళ్ళీ లేవలేదు. బడి నుంచి వచ్చి మొదట చూసింది పాపే. వచ్చి నాకు చెప్పి, నీళ్ళు కాచడానికి వెళ్ళింది. అదీ ఏడవలేదు.

ఇక కొడుకు చెప్పిన పని. పాప బడికి పోయాక దాని బట్టలు మేకుల మీద నుంచి తీసి మంచం మీద పెట్టాను. మేకులు పీకాను. గోడ తడిపి, సిమెంటూ ఇసుకా మాలు కలిపి, పైనుంచి మొదలుపెట్టాను. నా చేతులకు తెలిసిన పని, వాటికి నేను అక్కర్లేదు. రోకలి దెబ్బలు ఒక్కొక్కటీ మాలు కింద మూసుకుపోయాయి. ఒక్కో చోట తాపీ ఆగుతుందేమో అనుకున్నాను, ఆగలేదు. బడి వదిలే వేళకు కింద మోకాలెత్తు మాత్రం మిగిలింది.

పాప వచ్చి గుమ్మంలో నిలబడింది. గోడను చూసింది. పుస్తకాల సంచి దించి, ముఖం కడుక్కుని వచ్చింది. నేను పనిలో ఉన్నాను. వెనక బట్టల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే, మంచం మీద కూర్చుని తన బట్టలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టుకుంటోంది. చిన్నప్పుడు మడిచినట్టే, చేతులు లోపలికి మడిచి, సమంగా.

"ఎప్పుడు పోతాం నాయనా?" అంది.

ఆ గొంతులో భయం లేదు, దిగులు లేదు, కోపం లేదు. ఏమీ లేదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది నాది.

యాడికీ పోములేమ్మా, ఆంబూరు మామ ఉండమనే చెప్పినాడు అన్నాను. తల ఊపింది. ఊపుతూనే ఇంకో చొక్కా తీసి మడిచింది.

నేను గోడ వైపు తిరిగాను. పూత ఇంకా పచ్చిగానే ఉంది. తాపీ అంచు ఆనించి కిందికి లాగాను. పెళ్ళ పెళ్ళగా జారి కాళ్ళ మీద పడింది. పచ్చిది కాబట్టి నాకు తాపీ సరిపోయింది. ఆమె ఎండి రాయైన దాన్ని కొట్టింది. లాగిన కొద్దీ ఇటుకలు బయటపడ్డాయి, వాటి మీద ఆ గుండ్రటి దెబ్బలు ఒక్కొక్కటే మళ్ళీ కనిపించాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆమె కోసమా, మా ఆవిడ కోసమా, సంపు అంచున పడుకున్న పాప కోసమా చెప్పలేను. అన్నీ కలిసే వచ్చాయి. గోడకు ఎదురుగా నిలబడి, చేతుల నిండా మాలుతో, తుడుచుకోవడానికి కూడా లేకుండా ఏడ్చాను.

పాప కంట్లో సిమెంటు పడిందనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా ముఖం కడిగింది. తరవాత గోడను చూసింది, కింద పడ్డ మాలు చూసింది. కిటికీలో పెట్టిన మేకులు తీసుకుని, ఒకదాన్ని ఇటుకల సందులో పెట్టి రాయితో కొట్టింది. సుళువుగా దిగింది. మడిచిన చొక్కా విప్పి దానికి తగిలించింది.

చీకటి పడేముందు ఆంబూరు నుంచి ఫోను వచ్చింది.

"ఏమన్నా, గోడ పని అయిపోయిందా?"

"లేదప్పా, గోడకు నెమ్ము పట్టింది" అన్నాను. "ఇంకా పని ఉండాది."